‘ఏం లేదు’ అనకూడని బడి

మా సారమ్మ మేడమ్‌కి ఒక మాట వింటే ఒళ్ళు మండేది. అది తిట్టు కాదు, బూతు కాదు. ‘ఏం లేదు’ అన్న మాట. సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుని మా టీచర్లందరినీ చుట్టూ కూర్చోబెట్టి అడిగేవారు: “ఇయ్యాల ఏం జూసిన్రు?” రోజంతా అరిచి గొంతు పోయి, ఇంటికెళ్ళి ఇంత కాఫీ తాగుదామని చూసే మనిషి ఏమంటుంది? “ఏం లేదు మేడమ్” అంటుంది. అంతే, ఆవిడ మొహం మాడిపోయేది. “నూటయాభై మంది పోరగాండ్లు పొద్దుగాల ఒచ్చి ఇప్పుడు పోయిన్రు. ఏం లేకుండ ఎట్లుంటది?” అని మళ్ళీ మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టేవారు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆవిడంటే నాకు చిరాకు. తర్వాత నేనూ ఎల్బీనగర్ వైపు ఒక పెద్ద బడికి ప్రిన్సిపాల్‌నయ్యాను. నాలుగంతస్తులు, గేటుకి ఇద్దరు వాచ్‌మన్‌లు, గది గదికీ కెమెరా. నా టీచర్లు రోజూ నాకు ‘ఏం లేదు మేడమ్’ అని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు. అలాంటప్పుడల్లా ఆ వరండా మీదికి మనసు పోయేది. ఆ బల్ల దగ్గర ఇంకొక్క సాయంత్రం కూర్చోనిస్తే చాలుననిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. రిటైరై ఖాళీగా ఉన్నదాన్ని కదా, ఇలాంటివి ఎక్కువగానే అనిపిస్తాయి.

సారమ్మ గారిది నల్గొండ వైపు పల్లె. చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో చేరి చదువుకుని, టీచరు ట్రైనింగు చేసి, పదిహేనేళ్ళు వాళ్ళ బడుల్లోనే పాఠాలు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “ఎవ్వలడగలే” అనేసి నవ్వేవారు. దిల్‌సుఖ్‌నగర్‌కీ గడ్డిఅన్నారానికీ మధ్య పొలాలన్నీ ప్లాట్లైపోతున్న రోజుల్లో, నాలుగు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఐదో తరగతి దాకా బడి పెట్టారు. వెనక గదిలో తను ఉండేవారు.

చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు లేస్తూ ఉండేది. వీధి వీధికీ ఇసక కుప్పలు, లారీలు, వాన పడితే నీళ్ళు నిండిపోయే పునాది గుంతలు. కాలనీలో ఎవరికీ ఎవరూ తెలియదు. పక్క వాటాలో మొన్న దిగినవాళ్ళది ఏ ఊరో కనుక్కునేలోపు వాళ్ళు సొంతింటికి మారిపోయేవారు. అలాంటి చోట నూటయాభై మంది పిల్లల్ని పెట్టుకుని నిద్రపోవడం ఎలాగో నాకైతే తెలియదు. ఆవిడకీ తెలియదనుకుంటాను. తెల్లవారక ముందే లేచి బడి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవారు.

ఆ సాయంత్రపు కూటమికి ఒక పద్ధతుండేది, అది మాకెవరికీ గిట్టేది కాదు. ముందు ఆయా లచ్చమ్మ మాట్లాడాలి. తర్వాత మేము. అందరికంటే చివర మేడమ్. బీఏ తెలుగు చదివిన నేను, బడి ఊడ్చే మనిషి మాట్లాడేదాకా నోరు మూసుకుని కూర్చోవాలన్నమాట. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. “పెద్దోళ్ళం ముందుగాల మాట్లాడితే చిన్నోళ్ళు అదే మాట అంటరు సూర్యప్రభా. లచ్చమ్మ సూసింది మనకు ఎవలు జెప్తరు?” అన్నారు మేడమ్. నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆ వారమే లచ్చమ్మ, వెనక గోడకి రెండు ఇటుకలు ఊడాయనీ, అవతలి గుంత నిండా నీళ్ళున్నాయనీ, మూడో తరగతి పిల్లలు ఆ సందులోంచి తల దూర్చి కప్పల్ని చూస్తున్నారనీ చెప్పింది. మర్నాడు ప్రార్థన గంట కొట్టేసరికి ఆ సందుకి ముళ్ళకంప కొట్టి ఉంది. కొట్టింది మేడమే. చేతులనిండా గీతలు.

ఇంకోసారి రెండో తరగతి టీచరు, తను పది నిమిషాలు క్లాసు వదిలి బయటికెళ్ళినప్పుడు ఒక పిల్లాడు ముక్కులో బలపం ముక్క పెట్టుకున్నాడని ఏడుస్తూ చెప్పింది. ఉద్యోగం ఊడిందనే మేమంతా అనుకున్నాం. మేడమ్ లేచి వెళ్ళి ఆమెకి టీ పెట్టి తెచ్చారు. “నువ్వు జెప్పకుంటే నాకు ఎర్కయితుండెనా?” అన్నారు. మిగతా మాకందరికీ ఆ రోజు టీ లేదు.

ఇక నా సంగతి. మాది గుంటూరు జిల్లా. మా ఆయనకి ఇక్కడ ఆఫీసులో ఉద్యోగం రావడంతో వచ్చాం. నా తెలుగు మీద నాకు మహా గర్వం. ఒకటో తరగతి నాది. ‘ఒస్తా’ అన్న పిల్లని ‘వస్తాను’ అనేదాకా వదిలేదాన్ని కాదు. మేడమ్ ఒకసారి విని, “నీ మాట గూడ నేర్పు, మంచిదే. వాండ్ల మాట తప్పని మాత్రం అనకు” అన్నారు. అలాగేనని తలూపాను. తలూపడానికేం పోయింది.

నా క్లాసులో స్వరూప అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న అంజయ్యది గడ్డిఅన్నారం పాత ఊరే. పొలం ప్లాట్లకి అమ్మేసి, కొత్తగా వచ్చిన పండ్ల మార్కెట్లో బత్తాయిల వ్యాపారం చేసేవాడు. అత్తాకోడళ్ళకి మాటామాటా పెరిగి, అతని భార్య శివమ్మ అల్మాస్‌గూడలో పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, రెండు నెలలైందనీ బడిలో అందరికీ తెలుసు. నేను ఆ జూన్‌లోనే చేరాను కాబట్టి ఆమెను ఎప్పుడూ చూడలేదు. పిల్ల కోసం అంజయ్య వచ్చేవాడు, అప్పుడప్పుడు అతని తల్లి వచ్చేది.

మా బడిలో ఒక గట్టి రూలుంది. పిల్లను ఎవరితో పంపాలో పొద్దున గేటు దగ్గరే చెప్పాలి. మేము పుస్తకంలో రాసుకుంటాం. వచ్చినవాళ్ళు వాళ్ళేనని తేలేదాకా పిల్ల క్లాసులోంచి బయటికి రాదు. ఎవరు ఎవరో తెలియని కాలనీలో అంతకంటే దారి లేదు.

ఎనభై ఏడు ఆగస్టులో ఒక శనివారం. బడి గుర్తింపు కాగితాల కోసం మేడమ్ విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళారు, రాత్రికి గానీ రారు. గేటు నాకప్పగించారు. పొద్దున అంజయ్య తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. “టీచరమ్మా, ఇయ్యాల మా బిడ్డ కోసం అవ్వ ఒస్తది. అవ్వతోనే పంపుండ్రి. ఇంకెవలొచ్చినా పంపకుండ్రి” అన్నాడు. మా వైపు అవ్వ అంటే ముసలావిడ. పుస్తకంలో శుభ్రంగా, గుండ్రటి అక్షరాలతో ‘నాయనమ్మ’ అని రాశాను.

క్లాసులో స్వరూప కుదురుగా కూర్చోలేదు. “టీచర్, ఇయ్యాల మా అవ్వ ఒస్తది” అని మూడుసార్లు చెప్పింది. “నాయనమ్మ అనాలమ్మా” అన్నాను. “నాయనమ్మ గాదు టీచర్, అవ్వ” అంది. “ఎదురు చెప్పకూడదు” అన్నాను. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఎంత బాగా నేర్పానో చూడండి.

మూడున్నరకి లచ్చమ్మ కొంతమంది పిల్లల్ని మెయిన్ రోడ్డు దాటించడానికి వెళ్ళింది. అప్పుడొచ్చింది శివమ్మ. పాతికేళ్ళుంటాయేమో. గంజిపెట్టిన చీర, తలలో పూలు, చంకలో బట్టల సంచి. “స్వరూప కోసం ఒచ్చిన. నా బిడ్డ” అంది. ఆ సంచి చూడగానే నాకు అనుమానం వచ్చేసింది. పిల్లని పుట్టింటికి ఎత్తుకుపోవడానికి వచ్చిందనుకున్నాను.

“మీరు తల్లే కావచ్చండీ. కానీ పాపని వాళ్ళ నాయనమ్మతోనే పంపమని వాళ్ళ నాన్నగారు చెప్పారు. ఇంకెవరొచ్చినా పంపొద్దన్నారు” అన్నాను.

“ఆయననే జెప్పిండా?”

“పొద్దున ఇక్కడే నిలబడి చెప్పారు.”

ఆమె గేటు సందులోంచి లోపలికి తొంగి చూసింది. “ఒక్కసారి సూసి పోత. బయటికి పిలువుండ్రి” అంది. రూలు ఒప్పుకోదన్నాను. గొంతు కూడా పెంచలేదు నేను, చాలా మర్యాదగా చెప్పాను. ఆమె సంచి ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్ళిపోయింది. నా మీద నాకు ఎంత మెప్పు కలిగిందో చెప్పలేను. మేడమ్ వస్తే ఈ సంగతి ముందు నేనే చెప్పాలనుకున్నాను.

నాయనమ్మ రాలేదు. ఐదు దాకా ఎవరూ రాలేదు. స్వరూప బ్యాగు తగిలించుకుని కిటికీ దగ్గరే నిలబడి, చివరికి అక్కడే నేల మీద నిద్రపోయింది. ఐదింటికి అంజయ్య వచ్చాడు. నిద్రపోతున్న పిల్లని చూసి, “అవ్వ రాలేదా టీచరమ్మా?” అన్నాడు. “రాలేదండీ” అన్నాను. నేను అబద్ధమాడలేదు. శివమ్మ వచ్చిపోయిన సంగతి మాత్రం ముందు మేడమ్‌కే చెప్పాలని ఆపుకున్నాను. అతను పిల్లని భుజాన వేసుకుని, ఎవరితోనో అన్నట్టు, “అయితే ఇగ అయిపోయినట్టే. రేపు మాపటికి పెద్దమనుషులను కూసోబెట్టి తెంపుకుంట” అనుకుంటూ వెళ్ళాడు.

లచ్చమ్మ గదులు ఊడుస్తూ అంతా వింది. చీపురు కింద పెట్టి నా దగ్గరికొచ్చింది. “అవ్వ ఒచ్చె గద టీచరమ్మా. నాకు మలుపు కాడ ఎదురైంది, ఏడ్సుకుంట పోతుంది. మీరు పంపలేదా?”

“ఆవిడ వాళ్ళమ్మ కదా లచ్చమ్మా. నాయనమ్మతో పంపమన్నారు.”

“అవ్వంటే అమ్మనే” అంది లచ్చమ్మ.

పుస్తకం తెరిచి, పొద్దున నేను రాసిన ‘నాయనమ్మ’ని మళ్ళీ చూసుకున్నాను. తర్వాత మిగతాది కూడా, పాత ఊళ్ళో అనుకుంటుంటే విన్నదట, ఆమే చెప్పింది. అత్తగారింటికి తనంతట తను వెళ్ళనంది శివమ్మ. పుట్టింటికెళ్ళి పిలవడానికి అంజయ్యకి మొహం చెల్లలేదు. అటూ ఇటూ కాకుండా బడి గేటైతే ఇద్దరికీ మర్యాదగా ఉంటుందని, బిడ్డను తీసుకుని అట్నుంచటే ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. తన తల్లి అలవాటుకొద్దీ వచ్చి పిల్లని తీసుకుపోతే అంతా చెడుతుందని, ఇంకెవరొచ్చినా పంపొద్దన్నాడు. భర్త పిలిచి అవమానించాడని ఆమె అనుకుంది. పిలిచినా రాలేదని అతను అనుకున్నాడు. మధ్యలో గుండ్రటి అక్షరాలతో నేను.

“నేనెవలకు జెప్ప. మీరు గూడ సప్పుడు జెయ్యకుండ్రి, నౌకరీ పోతది” అంది లచ్చమ్మ. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన కూడా అదే అన్నారు, ఎవరూ అడగనిదానికి నీకెందుకని. నిజమే, ఎవరూ అడగరు. అడిగే మనిషి ఆ రోజు బడిలో లేరు.

ఆదివారం పొద్దున్నే మేడమ్ గది తలుపు కొట్టాను. ఆవిడ తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో చర్చికి బయల్దేరుతున్నారు. వాకిట్లోనే నిలబడి మొత్తం చెప్పేశాను. ‘నాయనమ్మ గాదు టీచర్’ అని పిల్ల చెప్పిందన్న ముక్క ఒక్కటీ మింగేద్దామనిపించింది. అయినా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. కోప్పడితే బాగుండుననిపించింది.

“ఎవలతోని పంపాల్నో రాసుకొమ్మన్న. పేరు రాసుకొమ్మని నేను జెప్పలే” అన్నారు చివరికి. “ఒక మాట ఇద్దరికి రెండు తీర్లుంటదని నాకు ఎర్కనే. నీకు జెప్పకుండ గేటు కాడ నిలబెట్టిన. తప్పు నాది సూర్యప్రభా.” బైబిలు సంచిలో పెట్టుకుని, “పా. ఇయ్యాల ఆరాధన అల్మాస్‌గూడలనే” అన్నారు.

బస్సు సాగర్ రోడ్డు మీద దింపింది. అక్కడి నుంచి మట్టిదారిలో నడక. అటూ ఇటూ జొన్నచేలు, మధ్య మధ్య అప్పుడే పాతిన ప్లాట్ల రాళ్ళు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని నా పక్కనే నడిచారు. ఉన్నట్టుండి, “మా అవ్వను నేను అవ్వ అనే పిలుస్తుంటి” అన్నారు.

“హాస్టల్ల ‘అమ్మ’ అనాలె అని నేర్పిన్రు. నెలకొకపారి సూడనీకి ఒచ్చేది. ఒకనాడు ఆడపిల్లలందరి ముందట ‘అమ్మా’ అని పిలిచిన. ఆమె ఎనకకు మర్లి సూసింది, ఇంకెవల్నో పిలుస్తున్ననని.” బైబిలు సంచి రెండో చేతిలోకి మార్చుకున్నారు. “ఆ ఏడు వానల్ల జరమొచ్చి పోయింది. ఇంకొక్కపారి ‘అవ్వా’ అని పిలవనీకి నాకు దొర్కలే. యాభై ఏండ్లొచ్చినా నాకు గదే కావాలె.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ అరచేతిలో ముళ్ళకంప గీతలు ఇంకా గరుకుగా ఉన్నాయి. తొంభై ఆరులో బడి మూసేసి ఆవిడ సొంతూరికి వెళ్ళిపోయారు. పోయారన్న కబురు నాకు ఆర్నెల్ల తర్వాత అందింది. ఆవిడ అవ్వ కోసం ఎంత కొట్టుకుపోయారో, ఆవిడ కోసం నేనంత కొట్టుకుపోతున్నాను. ఇందులో దాచుకోవడానికేముంది.

శివమ్మ వంకాయతోటలో ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది కానీ దగ్గరికి రాలేదు. మేడమ్ గట్టు దిగి, బురదలోకి నడిచి వెళ్ళి, “బిడ్డా, నిన్న నిన్ను తిప్పి పంపింది మీ ఆయన గాదు, మా బడి. తప్పు నాది, మాఫ్ జెయ్యి” అన్నారు. తర్వాత, నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు చూశారు. ఏమీ దాచకుండా అంతా చెప్పాను. శివమ్మ నా మొహంలోకే చూస్తూ వింది.

“అయితే ఆయన రమ్మన్నది నన్నేనా?” అంది.

“మిమ్మల్నేనండీ. ఇంకెవరొచ్చినా పంపొద్దన్నారు.”

ఆమె చేతిలో వంకాయలు బుట్టలో వేసి, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపయ్యాక కాలవలో చేతులు కడుక్కుని, ఇంట్లోంచి నిన్నటి సంచి తెచ్చుకుంది. దాన్ని విప్పనైనా లేదు. దారి పొడుగునా నాతో ఒక్కటే మాట అడిగింది, “ఐదు దాక ఏం జేసింది నా బిడ్డ?” అని. కిటికీ దగ్గర నిలబడిందని చెప్పాను.

గడ్డిఅన్నారం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అంజయ్య వాకిట్లో మంచాలు వాల్చి ఉన్నాయి, పెద్దమనుషుల కోసం. అత్తగారు అరుగు మీద కూర్చుంది. భార్యను చూసి అంజయ్య లేచి నిలబడ్డాడు. మేడమ్ ముందుకెళ్ళి, శివమ్మ నిన్న చెప్పిన టయానికే వచ్చిందని, మాట తప్పుగా అర్థం చేసుకుని తిప్పి పంపింది బడేనని, వీధిలో అందరూ వినేట్టు చెప్పారు. అంజయ్య తలవంచుకుని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ముసలావిడ కొంచెంసేపు చూసి, “ఎండల ఎందుకు నిలబడ్డవే, లోపటికి రా” అంది కోడలితో.

అప్పుడు స్వరూప గడప మీదికొచ్చింది. వాకిట్లో తల్లి ఉంది. మధ్యలో పది అడుగులు కూడా లేవు. శివమ్మ సంచి కింద పడేసి చేతులు చాచింది. పిల్ల కదల్లేదు. తల్లిని చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. నన్నే చూస్తూ నిలబడిపోయింది. భయపడిందేమోననుకున్నాను నేను.

“నిన్ను అడుగుతుంది సూర్యప్రభా” అన్నారు మేడమ్ మెల్లగా. “నువ్వు పొమ్మంటేనే పోతది.”

ఆ పిల్ల ఉన్నది సొంత ఇంటి గడప మీద. ఎదురుగా చేతులు చాచి నిలబడింది సొంత తల్లి. నేను తలూపేదాకా అది కాలు కింద పెట్టలేదు.